ఇటుకల ఇల్లు, ఎనిమిది పాళ్ళు

గడచిన రజబ్ మాసంలో నందిగామ నుండి ఒక సోదరి మాకు కబురు పంపింది. జగ్గయ్యపేటలోని తన పుట్టింటి పంపకం గురించి తోబుట్టువుల మధ్య మాట తేలడం లేదనీ, మేము మదరసాలో ‘సిరాజీ’ బోధిస్తామని విన్నదనీ, ఒకసారి వచ్చి ఎవరి పాలు ఎంతో చెప్పి వెళ్ళవలసిందనీ ఆ కబురు సారాంశం. సిరాజీ అంటే వారసత్వ శాస్త్రంపై శతాబ్దాలుగా మన మదరసాలలో చదివిస్తున్న చిన్న గ్రంథం. ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు ఇద్దరూ గతించారు. ఇంతకన్నా తేలికైన లెక్క మొదటి నెల పాఠంలో కూడా ఉండదు. మొత్తం ఎనిమిది పాళ్ళు. సోదరులకు రెండేసి, సోదరీమణులకు ఒక్కొక్కటి. ఒక పూట పనే కదా అనుకొని, తిరుగు ప్రయాణానికి సాయంత్రపు బస్సు చూసుకొని బయలుదేరాము. రెండు రోజులు పట్టింది.

విజయవాడ నుండి హైదరాబాదు దారి పట్టిన వారికి ఇబ్రహీంపట్నం దాటగానే నేల రంగు మారడం కనిపిస్తుంది. డెల్టా వరిచేలు వెనుకబడి పత్తి, మిరప చేలు మొదలవుతాయి. ఇది పాత కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతం. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా. కొండపల్లి కేంద్రంగా ఇదంతా ఒకనాడు ముస్తఫానగర్ సర్కారు అనిపించుకుంది. దారిలో వచ్చే పరిటాల కథ మరీ విచిత్రం. 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు గాని, వజ్రాల గనులున్నాయన్న ఆశతో పరిటాల చుట్టుపక్కల గ్రామాలను మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. చుట్టూ మద్రాసు రాజధాని, నడుమ నిజాం పల్లెలు. హైదరాబాదు సంస్థానం ముగిసేదాకా ఆ ఏర్పాటు సాగింది. వజ్రాలు ఎవరికి ఎన్ని దొరికాయో గాని, ఇటు బందరు, అటు హైదరాబాదు, మధ్యన ఈ హద్దు; వ్యాపారం చేసుకునేవాడు వచ్చి స్థిరపడటానికి తగిన చోటు. ఈ దారిలోనే నవాబుపేట అని కూడా ఒక ఊరు తగులుతుంది.

నందిగామలో ఆ సోదరి ఇల్లు రెండు గదులది, అద్దెకు ఉంటున్నారు. భర్త కుట్టుపని చేస్తాడు. చాయ్ ఇచ్చి, పరదా అవతల కూర్చొని ఆమె చెప్పిన మాట ఒక్కటే: “హజ్రత్, మా భయ్యా ఆ ఇంటిని తాతముత్తాతల జ్ఞాపకం అంటాడు. నిజమే. ఆ జ్ఞాపకంలో ఆయన కాపురం ఉంటున్నాడు. నేను ఇక్కడ నెలనెలా అద్దె కడుతున్నాను.”

ఆమె, ఆమె భర్త, మేము కలిసి బస్సెక్కాము. నందిగామ నుండి జగ్గయ్యపేట ముప్పై కిలోమీటర్ల లోపే. చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు విడిచి ఊళ్ళోకి తిరగాలి. ఎదురుగా వరుసగా సిమెంటు లారీలు. ఈ నేల అడుగునంతా సున్నపురాయి. దాని కోసమే ఇక్కడ పెద్ద పెద్ద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి.

జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద దానిని పేటగా కట్టించాడు. ఆయన 1816లో మరణించాడు. ఊరి పేరులో ‘పేట’ ఉన్నదంటే అక్కడ పొలాల కన్నా ముందు అంగళ్ళు ఆలోచించారని అర్థం. బజారు వీధి, వెనుక సందులు, సందుల్లో వర్తకుల ఇళ్ళు. మేము వెళ్ళవలసిన ఇల్లు అలాంటి ఒక సందులోనే ఉంది. ఆ ఇంటివారి మూలపురుషుడు బందరు దారిన ఎడ్లబండ్లపై తోళ్ళు పంపే వ్యాపారి అనీ, పేట కొత్తగా ఉన్న రోజుల్లోనే నిజాం సీమ నుండి వచ్చి గుడిసె వేసుకున్నాడనీ, ఇటుకల ఇల్లు మాత్రం తరువాతి తరాలు కట్టాయనీ వారు చెప్పుకుంటారు. పేట తొలినాళ్ళలో వచ్చిన కుటుంబాలలో తమది ఒకటని వారికి గర్వం.

వీధి వైపు నుండి చూస్తే ఆ ఇంట్లో చూడవలసినది ఏమీ కనిపించదు. ఎత్తైన గోడ, మనిషి ఎత్తుకు పైన చిన్న కిటికీలు, రెండు అరుగులు, మధ్య ఒక టేకు తలుపు. తలుపు తీశాక ఎదురుగా మళ్ళీ ఒక అడ్డుగోడ. వీధిలో పోయేవాడి చూపు లోపలికి పడకుండా కట్టినది. దాన్ని చుట్టి వెళితే అకస్మాత్తుగా ఆకాశం. నాలుగు వైపులా వసారాలు, నడుమ వాన నీరు పడే వాకిలి. మన తెలుగు వారి మండువా లోగిలి ఇదే. కాని ఇక్కడ ముందు వసారాను ఆనుకొని మగవారు కూర్చునే దీవాన్‌ఖానా వేరుగా ఉంది, దానికి వీధిలోకి సొంత గుమ్మం ఉంది. వెనుక వసారా, వంటిల్లు, బావి, ఇవన్నీ జనానా. పడమటి గోడలో నమాజు కోసం ఒక నిలువు గూడు. ఇరుగు పొరుగు హిందూ ఇళ్ళు కట్టిన తాపీ మేస్త్రీలే దీన్నీ కట్టి ఉంటారు. మండువా వారిది, అడ్డుగోడ మనది. ఈ రెండూ ఒక కప్పు కింద ఎలా ఇమిడాయో చూపడానికి ఇల్లు తప్ప మరో సాక్ష్యం లేదు. పుస్తకాలలో ఈ సంగతి రాసినవారు మాకు కనిపించలేదు.

పెద్ద సోదరుడు మమ్మల్ని ఇల్లంతా తిప్పి చూపించాడు. ఆయన మీద కొంత అనుమానంతోనే వెళ్ళామని ఒప్పుకోవాలి. అరగంటలో ఆ అనుమానం పోయింది. ఇంటిని అంతగా ఎరిగిన మనిషిని మేము చూడలేదు. దీవాన్‌ఖానా పైన మిద్దె. టేకు దూలాలు, వాటిపై వాసాలు, వాసాల మీద సన్నని ఇటుకలను పడుకోబెట్టక అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరుసలుగా పేర్చి, గానుగ సున్నంతో బంధించారు. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి రోజుల తరబడి దిమ్మిస కొట్టారు. మద్రాసు మిద్దె అంటారు దీన్ని. కింద నిలబడి తలెత్తితే చాప అల్లినట్టు కనిపిస్తుంది. ఆ సున్నం ఊరి చుట్టూ దొరికే రాతిని బట్టీలో కాల్చి, నీట మగ్గబెట్టి, ఎద్దులు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి నూరినది. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారట. సిమెంటులా ఒక్క రోజులో గట్టిపడదు, నెలల తరబడి గాలి పీల్చుకుంటూ రాయిగా మారుతుంది. నల్లరేగడి నేల ఎండకు పగిలి వానకు ఉబ్బుతుంది కనుక గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వారనీ, కనుకనే గోడలు ఇంకా నిటారుగా ఉన్నాయనీ ఆయన చెప్పాడు.

ఒక్క గోడ మాత్రం దెబ్బతిన్నది. కొన్నేళ్ళ క్రితం చెమ్మ కనబడితే దాని మీద సిమెంటు పూయించాడట. లోపలి తేమకు బయటికి దారి మూసుకుపోయి, ఉప్పు పట్టి, సిమెంటుతో పాటు ఇటుక కూడా పెచ్చులుగా ఊడివస్తోంది. పాత ఇళ్ళున్న పాఠకులు ఇది గమనించాలి: సున్నపు గోడకు సున్నమే వైద్యం. సిమెంటు ఊరిలో సున్నం నూరే గానుగ ఒక్కటి కూడా మిగలలేదని ఆయన నవ్వాడు.

వెనుక వసారాకు మంగళూరు పెంకు. ఒక పెంకు దించి చూపించి, “ఇదిగో హజ్రత్, ఇల్లు కట్టిన సంవత్సరం,” అన్నాడు. బాసెల్ మిషన్ వారి అచ్చు, దాని కింద 1865. ఆయన ముఖంలోని సంతోషం చూసి ఒక క్షణం వెనుకాడాము గాని, చెప్పక తప్పలేదు. 1865 మంగళూరులో ఆ పెంకుల కర్మాగారం మొదలైన సంవత్సరం. ఆ తరువాత దశాబ్దాల పాటు తయారైన పెంకుల మీద కూడా అదే అంకె ఉంటుంది. ఇల్లు అంతకన్నా ముందుది కావచ్చు, చాలా తరువాతిదీ కావచ్చు. ఆయన కాసేపు మాట్లాడలేదు. “కాగితాలు చూద్దాం” అని లోపలి నుండి రేకుపెట్టె తెచ్చాడు.

అసలు మా పని అక్కడ మొదలైంది. పన్ను రసీదులు, ఒక పాత తాకట్టు పత్రం, పక్క స్థలం కొన్న దస్తావేజు, మున్సిపాలిటీ కాగితాలు. నాలుగు తరాల పేర్లు వరుసగా దొరికాయి. అన్నీ మగవారివే. తండ్రి తరంలో ఇద్దరు ఆడపడుచులు ఉన్నారని అందరికీ తెలుసు. తాత తరంలో ముగ్గురట. పెట్టెలో ఒక్కరి పేరూ లేదు. పాలు తీసుకున్నట్టు లేదు, వదులుకున్నట్టూ లేదు. సిరాజీలో ‘మునాసఖా’ అని ఒక అధ్యాయం ఉంది. ఆస్తి పంచకముందే ఒక వారసుడు మరణిస్తే, అతని పాలు అతని వారసులకు, వారిలో ఒకరు పోతే వారి వారసులకు, ఇలా లెక్క పెరుగుతూ పోతుంది. విద్యార్థులు భయపడే అధ్యాయం అది. ఎనిమిది పాళ్ళ తేలిక లెక్కతో వచ్చిన మేము ఆ రేకుపెట్టె ముందు ఆ అధ్యాయంలో పడ్డాము.

అన్నదమ్ములలో రెండవవారు హైదరాబాదు నుండి ఫోనులో మాట్లాడారు. ఆయనది సూటి మాట. కొనేవారు సిద్ధంగా ఉన్నారు, కింద దుకాణాలు, పైన అంతస్తులు కడతారు. వారి లెక్కలో స్థలానికే ధర. ఇంటికి సున్నా, పైగా కూల్చే ఖర్చు తీసేస్తారు. టేకు దూలాలకు మాత్రం వేరే వ్యాపారి వచ్చి బేరం చెప్పి వెళ్ళాడట. అంటే ఆ ఇల్లు నిలబడి ఉన్నంతకాలం దాని విలువ సున్నా, విరిస్తే కొంత. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వంద సంవత్సరాలు దాటిన, చారిత్రక ప్రాముఖ్యం గల నిర్మాణాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించవచ్చునంటుంది. సందులోని తోళ్ళ వ్యాపారి ఇంటి దాకా ఆ చూపు ఎప్పుడు వస్తుంది? యెమెన్‌లోని సనా నగరంలో కాల్చిన ఇటుకలతో అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన పాత ఇళ్ళను 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అవీ ఒకప్పుడు ఎవరో వర్తకులు, గృహస్థులు తమ పిల్లల కోసం కట్టుకున్నవే.

ఆ రాత్రి పెద్ద సోదరుడు దీవాన్‌ఖానాలో మాకు పక్క వేయించాడు. “పగలగొడితే ఇటుకలు మిగులుతాయి హజ్రత్, ఇల్లు మిగలదు. మీరే చెప్పండి వాళ్ళకు,” అన్నాడు. మా మనసు అప్పటికే ఆయన వైపు మొగ్గింది. ఆ చాప అల్లిక కప్పు కింద పడుకొని వేరే రకంగా ఆలోచించడం కష్టం.

ఫజ్ర్ నమాజు తరువాత ఊరి పక్కన ధనబోడు అనే దిబ్బ వైపు నడిచాము. ఇది పాత బౌద్ధ స్తూపం ఉన్న చోటు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకం జరిపాడు. అప్పటికే చాలా రాయి తరలిపోయింది. ఇక్కడ దొరికిన శిల్పాలలో ప్రసిద్ధమైన మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. స్తూపాల ఇటుకలు నేటి వాటి వంటివి కావు, మూరకు పైబడిన పెద్ద పెద్ద ఇటుకలు. ఈ పేట కట్టించిన వెంకటాద్రి నాయుడే 1790లలో అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తూ అక్కడి పెద్ద స్తూపపు దిబ్బను తవ్వించి ఇటుకలు, రాళ్ళు వాడుకున్నాడు. కాలిన్ మెకెంజీ అనే కంపెనీ అధికారి ఆ దశాబ్దపు చివరలో వెళ్ళి చూసి ఆ వైనం రాశాడు. ఆ రాళ్ళు గుడులకు, చెరువు మెట్లకు వెళ్ళాయి. మసీదులు కట్టడానికి, చెక్కడాలు అరగదీసి, కొన్ని పలకలు వాడారని కూడా రాశాడు. మన వైపు తప్పును దాచి ఇతరుల తప్పును ఎంచడం న్యాయం కాదు కనుక ఇది కూడా చెబుతున్నాము.

ధనబోడులో దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీస్తు శకం మూడవ శతాబ్దానిది. స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే ఒక శిల్పకారుడు. నడతూరు అనే ఊరివాడు, వేరొక గ్రామంలో కాపురం. వలస వచ్చి స్థిరపడిన కుటుంబమే మరి. ఆ శాసనంలో అతడు తన తండ్రి పేరుతో ఆగలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కుమారుడు మూలసిరి, కుమార్తె నాగబుధనిక, తమ్ముడి భార్య, వారి పిల్లలు, అందరి పేర్లూ రాతి మీద చెక్కించాడు. ఆ విశ్వాసం మనది కాదు. కాని పదిహేడు వందల ఏళ్ళ నాటి ఒక పనివాడి కూతురి పేరు మనకు తెలుసు. పేటలోని ఆ రేకుపెట్టెలో, మొన్న మొన్నటి మేనత్తల పేర్లు లేవు. తిరిగి వచ్చే దారి పొడవునా ఇదే మనసులో మెదిలింది. ఇల్లు పాతది కనుక కాపాడాలి అన్నాము. ఆ పాతదనంలో పాలు రాని ఆడపిల్లల వాటా ఎంత?

ఉదయం అందరినీ కూర్చోబెట్టి మేము చెప్పినది ఇది. వారసత్వ సంపద అన్న మాట చాలా గొప్పది, కాని దాని ఖర్చు ఎవరు మోస్తున్నారో అడగాలి. మదీనాలో మస్జిదె నబవీ మొదట పచ్చి ఇటుకలతో, ఖర్జూరపు మానులతో కట్టినదని మన పిల్లలకు కూడా తెలుసు. ఆ స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా దైవప్రవక్త (స) ధర చెల్లించనిదే తీసుకోలేదు. అంతటి పవిత్ర కట్టడానికి కూడా ఇద్దరు పిల్లల హక్కు అడ్డుపడగలిగితే, పేటలోని మండువా ఎంత?

అలాగని కూల్చమనలేదు. సిరాజీలోనే ‘తఖారుజ్’ అని ఒక మార్గం ఉంది. ఒక వారసుడు ఒప్పుకున్న సొమ్ము తీసుకొని తన పాలు నుండి వైదొలగవచ్చు. ఇల్లు కావాలన్నవారు మిగతావారికి ఆ సొమ్ము ఇవ్వాలి. ఏ ధరకు? ఇంటికి సున్నా కట్టిన ఆ కొనేవారి ధరకే, స్థలం మొత్తానికి. పెద్ద సోదరుని ముఖం పాలిపోయింది. అంత డబ్బు ఆయన దగ్గర లేదు. వీధి వైపు అరుగుల స్థలం దుకాణానికి ఇచ్చి, ఆ అద్దెను మొదట సోదరీమణుల బాకీకి జమకట్టవచ్చునని నందిగామ అల్లుడు అన్నాడు. మూడవ సోదరుడు, ఆయన గల్ఫులో ఉన్నాడు, తన పాలుకు తొందర లేదని చెప్పి పంపాడు. మేనత్తల సంతానాన్ని వెదికి వారి మాట కూడా తీసుకోవాలని మేము పట్టుబట్టాము. ఇది అందరికీ చిరాకు కలిగించింది. ఫరవాలేదు.

ఈ ఊరిని నిలబెట్టిన వాసిరెడ్డి వంశానికి ఏమైందో కూడా గుర్తు చేశాము. వెంకటాద్రి నాయుడికి ఇద్దరు దత్తపుత్రులు. ఆయన తరువాత వారి మధ్య మొదలైన వారసత్వ వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. ఆ లోగా జమీందారీయే చేజారింది. కచేరి మెట్లు ఎక్కకముందే మాట్లాడుకోండి అన్నాము. రంజాను తరువాత అందరూ కలిసి తేల్చుకుంటామన్నారు. ఇది రాసేనాటికి ఇంకా తేలలేదు.

ఏది తేలినా ముందు ఇంటి కొలతలు తీసి ఉంచుదామన్న మా మాటకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. టేపు ఒక కొస అల్లుడు పట్టుకున్నాడు, మరో కొస పెద్ద సోదరుడు. మేము గళ్ళ కాగితం మీద గీస్తూ పోయాము. గోడ మందం, గూళ్ళ లోతు, బావి చుట్టుకొలత. వెనుక వసారాలో వంటింటి గోడ కొలుస్తుండగా లోపలి నుండి నందిగామ సోదరి పిలిచి, “భయ్యా, అక్కడ ఖిడ్కీ రాశారా?” అని అడిగింది.

ఆయనకు ఏ ఖిడ్కీయో అర్థం కాలేదు. పక్కింటికి, ఈ ఇంటికి నడుమ ఆడవారు వీధిలోకి రాకుండానే వచ్చిపోయే చిన్న దారి ఉండేదనీ, ఫూఫీ ఆ దారినే అటు వెళ్ళి ఇత్తడి గిన్నెలో కూర తెచ్చేదనీ, తన చిన్నతనంలో దాన్ని మూసేశారనీ ఆమె చెప్పింది. “నాకు తెలియదే,” అన్నాడాయన. ఆ ఇంట్లో యాభై ఎనిమిదేళ్ళుగా ఉంటున్న మనిషి. లేచి వెళ్ళి గోడను వేలి కణుపులతో కొట్టుకుంటూ నడిచాడు. అలమరా పక్కన చప్పుడు మారింది. అక్కడే ఆగి, టేపు పెట్టి కొలిచాడు. వెడల్పు రెండడుగులు కూడా లేదు. మేము పటంలో అక్కడ చుక్కల గీత గీసి, ఫూఫీ పేరు అడిగి, పక్కన రాసుకున్నాము.